ఒంటిచేత్తో పట్టిన క్యాచ్

"గొప్పలు చెప్పుకోవడం నా రక్తంలోనే లేదు, అది మీకందరికీ తెలిసిందే," అంటూ రాజగోపాల్ అంకుల్ ఇంకో మిరపకాయ బజ్జీ అందుకున్నారు.

తెలిసిందే. ఆయన ఆ ముక్కతో మొదలెట్టారంటే ఇక టీ రెండోసారి కాచాల్సిందేనని కూడా తెలుసు.

కెనడాలోని కాల్గరీలో దక్షిణామూర్తి గారింటి వెనక డెక్ మీద, అంటే చెక్క అరుగు మీద, ఆదివారం సాయంత్రాలు మేం నలుగురైదుగురం చేరతాం. దక్షిణామూర్తి గారు యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన. రాజగోపాల్ అంకుల్ పైప్‌లైన్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేనూ మా ఆవిడ అమృతా అదే వీధి చివర ఉంటాం, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. బజ్జీలు అమృత వేసి తెచ్చినవే. అంకుల్ కోతలంటే నాకు చెవి కోసుకునేంత ఇష్టం. నిజం చెప్పాలంటే ఆయన్ని ఎగదోసేది కూడా నేనే. ఆ రోజూ "ఏం అంకుల్, సమ్మర్లో ఎటూ వెళ్లలేదా?" అని నేనే అడిగాను. ఆయన భార్య చాముండేశ్వరి ఆంటీ కొంచెం ఎడంగా కూర్చుని, పెరట్లో పసుపెక్కిన ఆకుల్ని చూస్తున్నారు.

"వెళ్లకేం భరద్వాజ్, వెళ్లాం. జులైలో మా ఆవిడా నేనూ దక్షిణంగా డ్రైవ్ చేసుకుంటూ పోయాం. అక్కడొక చిన్న ఊరు, పేరు చెప్పను, చెప్తే వచ్చేవారమే మీరంతా కార్లేసుకుని పోయి దాన్ని పాడుచేస్తారు. ఆ ఊళ్లో ఒక పాత బేస్‌బాల్ పార్కు ఉంది. పాతదంటే ఏదో అనుకునేరు, చెక్క బెంచీలు, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయి, కూర్చుని లేస్తే సగం రంగు మన ప్యాంటుకే. పైన రేకులు. స్కోరుబోర్డుకి కరెంటు లేదు, ఒకడు వెనక నిచ్చెనెక్కి నిలబడి అంకెల పలకలు తగిలిస్తుంటాడు, వాడికి నిద్రొస్తే స్కోరు ఆగిపోతుంది. మైదానం అవతల గోధుమలు నిల్వచేసే చెక్క గోడౌను, ఇంత ఎత్తు, దాని పక్కనే రైలు పట్టాలు. అంతే. పట్టుమని నాలుగొందల మంది లేరు. నాకు ప్రాణం లేచొచ్చింది."

"దేనికయ్యా?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"దేనికంటే, టికెట్ల దగ్గర ఒక ముసలావిడ కూర్చుందండీ. రెండు టికెట్లు చింపిచ్చి, ఎండగా ఉంది మంచినీళ్లు తాగుతుండండి అంది. అంతే. మీది ఏ దేశం అని అడగలేదు. నేనీ దేశం వచ్చాక ఆ ప్రశ్న అడగని మొదటి మనిషి. అందుకే లోపలికెళ్లా, లేకపోతే మనకి బేస్‌బాలెందుకు?"

"ఆట క్రికెట్ లాంటిదేనా?"

"క్రికెట్‌కి పెదనాన్న కొడుకనుకోండి. ఒకడు విసురుతాడు, ఒకడు దుడ్డుకర్రతో బాదుతాడు. ఒక్కోసారి బంతి గురితప్పి పక్కకి, జనంలోకి వచ్చేస్తుంది. వెనక్కివ్వక్కర్లేదు, పట్టినవాడిదే. వెనకవైపు కూర్చున్న వాళ్లకి వల అడ్డముంటుంది, పక్కల కూర్చున్న వాళ్లకి ఏమీ ఉండదు, వాళ్ల అదృష్టం. మేం పక్కన కూర్చున్నాం. ఇప్పుడు ఆ బ్యాటు పట్టుకొచ్చినవాణ్ణి చూద్దును కదా, అచ్చం మా గ్రెగ్గే! ఆ గడ్డం, ఆ నమలడం, ఆ నిలబడ్డం."

"గ్రెగ్ ఎవరంకుల్?" అంది అమృత.

"మా కంపెనీలో కుర్రాడమ్మా. వెల్డింగ్ డ్రాయింగు ఏ వైపు పట్టుకు చూడాలో తెలియని స్థితిలో నా దగ్గరికొచ్చాడు. చేయి పట్టుకుని పని నేర్పా. నేర్చుకున్నాడు. నేర్చుకుని నాకే బాసయ్యాడు. ఆ తర్వాత నా లీవులు వాడు సాంక్షన్ చేసేవాడు. సరే, వాడి సంగతి వదిలెయ్. ఈ గ్రెగ్గు బాదాడు. బాదితే బ్యాటు రెండు ముక్కలు, ఒక ముక్క కార్ల పార్కింగులో పడింది. బంతి మాత్రం తిన్నగా నా మొహం మీదకే. పాత బాకీ ఏదో ఉన్నట్టు."

"ఎంత స్పీడుంటుందంకుల్?" నేను అందించాను.

"గంటకి నూటయాభై."

"కిలోమీటర్లా?"

"మైళ్లు! అసలు దానికి మీటర్లు పనికిరావు. మా ముందు వరసలో పెద్దాయన టోపీ ఆ గాలికే ఎగిరిపోయి రేకుల మీద పడింది. నా ఎడం చేతిలో పాప్‌కార్న్. కుడి చెయ్యి ఒక్కటే ఖాళీ. లేవలేదు, కదల్లేదు. ఇలా, ఊరికే, ఎవరో పిలిస్తే చెయ్యెత్తినట్టు ఎత్తాను. టప్పుమంది. పట్టేశా! ఒంటిచేత్తో. పాప్‌కార్న్ ఒక్క గింజ రాలిందేమో అడగండి! రాలితే నా పేరు మార్చుకుంటా. బంతి కుట్లు అరచేతిలో అచ్చు గుద్దినట్టు దిగిపోయాయి."

"ఏవీ, చూపించండి," అన్నాను.

"రెండు నెలలైందయ్యా, ఉంటాయా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొత్తం పార్కు లేచి నిలబడింది. మైకులో నా పేరు చెప్పారు. రాజ్ కాదు. రా-జ-గో-పా-ల్. అక్షరం పొల్లు పోకుండా."

"మీ పేరు వాళ్లకెలా తెలుసయ్యా?" అన్నారు దక్షిణామూర్తి గారు.

ఒక్క క్షణం పట్టింది. "టికెట్లు క్రెడిట్ కార్డుతో కొన్నా కదండీ! కార్డు మీద పేరుండదూ? ఏమాటకామాటే, ఇరవై ఎనిమిదేళ్లు చేశానండీ ఆ కంపెనీలో. ఒక్కడు పూర్తి పేరు పలికిన పాపాన పోలేదు. రిటైర్మెంట్ రోజున కేకు తెప్పించారు. దాని మీద ఏం రాసుందో తెలుసా? థ్యాంక్యూ రోజర్ అని. రోజర్ ఎవడో ఇప్పటికీ నాకు తెలీదు. నా చేతికే కత్తిచ్చారు. కోసి అందరికీ పంచాను కూడా."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. కానీ ఆగనూ లేదు.

"సరే, క్యాచ్ పట్టాక బంతి జేబులో వేసుకుని కూర్చోవచ్చు. కానీ చూస్తే, అవతల ఒకడు పరిగెడుతున్నాడు. అదే ఊపులో విసిరాను, ఇదిగో, మణికట్టుతో. బంతి నాలుగొందల మంది తలల మీదుగా పోయి, వికెట్ కీపరుంటాడే, అదే, క్యాచర్, వాడి గ్లవ్‌లో తలుపు గొళ్లెం పడ్డట్టు పడింది. పరిగెత్తేవాడు అవుట్!"

"జనంలోంచి విసిరితే అవుటెలా అవుతాడంకుల్?" అంది అమృత.

"అంపైరూ అదే అన్నాడు. రూల్సు పుస్తకం తెప్పించారు. మొత్తం తిరగేశారు. ప్రేక్షకుడు విసరకూడదని ఎక్కడా రాసి లేదు! ఎందుకంటే రాసినవాడు నాలాంటి ప్రేక్షకుణ్ణి చూడలేదు. దాంతో ఆ ఊరి జట్టు మేనేజరు మెట్లెక్కి నా దగ్గరికొచ్చాడు. సర్, మీరు కొంచెం కిందికి రావాలి అన్నాడు. సర్ అన్నాడు, గమనించండి. నేను మోకాళ్ల నొప్పులయ్యా అన్నాను. వాడు వంగి నా కాళ్లు పట్టుకోబోయాడు. కెనడాలో కాళ్లు పట్టుకోవడం మీరెక్కడైనా చూశారా?"

"చూళ్లేదు, చెప్పండి చెప్పండి," అన్నాను. అమృత నా మోచేతిని పొడిచింది.

"దిగాను. బంతి చేతికిచ్చారు. గుంటూరులో కాలేజీ రోజుల్లో నేను లెగ్ స్పిన్ వేసేవాణ్ణి, అది మీకెప్పుడూ చెప్పలేదు, గొప్పలు చెప్పుకోవడం ఎందుకని. వీళ్లకి స్పిన్నంటే తెలీదు కదా, గాల్లో తిన్నగా వచ్చే బంతే తెలుసు. నేనొక్క టప్పా వేశాను. బంతి నేలకి తగిలి, బ్యాటు ముందుకొచ్చి, వాణ్ణి ఒకసారి చూసి, చుట్టూ తిరిగి, వెనకనుంచి వెళ్లింది. వాడు బంతికోసం చుట్టూ తిరుగుతూ తిరుగుతూ కళ్లు తిరిగి పడిపోయాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు మన గ్రెగ్గు. బ్యాటు కింద పెట్టేసి, చేతులు కట్టుకుని, నాకిది రాదు సర్, నేర్పండి అన్నాడు."

"నేర్పారా?"

"నేర్పనన్నాను. ఒకసారి నేర్పి చూశాను బాబూ, ఇక చాలన్నాను." అంకుల్ ఓ గుక్క టీ తాగారు. "సరే, బౌలింగ్ అయింది. బ్యాటింగ్ కూడా చేసిపొమ్మన్నారు. గాలి చూస్తే విపరీతం. ఇక్కడ దక్షిణంవైపు గాలి ఎలాంటిదో మీకు తెలుసు, నిలబెట్టిన లారీని పడుకోబెడుతుంది. ఆ గాలి నాకు ఎదురు. ఎదురుగాలిలో కొట్టాను. బంతి లేచింది. లేచి, లేచి, మైదానం దాటి, గోధుమల గోడౌను దాటి, సరిగ్గా అప్పుడే గూడ్సుబండి పోతోంది, దాని వ్యాగన్లో పడింది. బండి ఆగదు కదా! వాళ్ల రూలేంటంటే బంతి దొరికేదాకా పరుగులు తియ్యొచ్చు. ఆ బండి వాంకూవర్ చేరేదాకా నేను పరిగెడుతూనే ఉండాలి. మోకాళ్ల నొప్పుల వల్ల మానేశాను గానీ, స్కోరు పలకల వాడి దగ్గర అంకెలైపోయాయి."

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బంతి వాంకూవర్లో దొరికిందా మరి?"

"అక్కడే కదండీ అసలు కథ! ఆ వ్యాగన్లో ఉన్నది గోధుమలు కాదు, మసూర్ పప్పు. ఇక్కడ పండించేదే మనవాళ్లు తింటున్నారు, మీకు తెలుసుగా. వాంకూవర్లో ఓడెక్కింది. పసిఫిక్ దాటింది. వైజాగ్ పోర్టులో దిగింది. అక్కడ్నుంచి లారీలో తెనాలి. మా మేనత్త కొడుకు కోదండరామ్ కిరాణా కొట్లో పప్పు కొన్నాడు. ఇంటికెళ్లి చేటలో పోస్తే దభీమని పడింది. రాయేమో అనుకుని కొట్టువాణ్ణి తిట్టడానికి బయల్దేరాడట. తీరా చూస్తే బంతి. వాట్సాప్‌లో ఫొటో పెట్టి, బావా, ఇది నీదేనా అని అడిగాడు. కుట్ల మీద నా వేలిముద్రలున్నాయి!"

నేను పగలబడి నవ్వి చప్పట్లు కొట్టాను. దక్షిణామూర్తి గారు కూడా "వారెవ్వా" అన్నారు. అమృత నవ్వాపుకోలేక కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. అంకుల్ మొహం వెలిగిపోయింది. అక్కడితో ఆపేసి ఉంటే ఆ సాయంత్రం అన్ని ఆదివారాల్లాగే గడిచిపోయేది.

కానీ నేనే, నోరూరుకోక, "ఇంత జరుగుతుంటే ఆంటీ ఏం చేస్తున్నారంకుల్?" అన్నాను.

"మీ ఆంటీయా!" అంకుల్ తొడ చరుచుకున్నారు. "బంతి మొదటిసారి మా మీదకి వచ్చింది చూడు, అప్పుడే నెత్తిన చేతులు పెట్టుకుని నా వీపు వెనక దూరింది. ఏవండీ నన్ను కాపాడండీ అని ఒకటే కేక! నేనేమో ఒక చేత్తో క్యాచ్ పట్టుకోవాలి, ఒక చేత్తో పాప్‌కార్న్ చూసుకోవాలి, వీపుతో ఈవిణ్ణి కాయాలి. ఆ రోజు నుంచీ బంతంటే హడలు. ఆఖరికి మొన్న పూజకి బంతిపూలు తెచ్చినా ఉలిక్కిపడింది!"

మళ్లీ నవ్వాం. నేనైతే గట్టిగా నవ్వాను.

"నేను అరవలేదు," అన్నారు ఆంటీ.

గొంతు పెంచలేదు. ఆకుల మీంచి చూపు కూడా తిప్పలేదు. ఆంటీని నాలుగేళ్లుగా చూస్తున్నాను, అంకుల్ మాటకి అడ్డం చెప్పగా ఎప్పుడూ వినలేదు. అంకుల్ కోతలు కోస్తుంటే ఆవిడ ప్లేట్లు సర్దేవారు, లేదా ఫ్లాస్కులో ఇంకా టీ ఉందేమో చూసేవారు.

"సరదాకి అన్నాన్లే," అన్నారు అంకుల్.

"నేను మీ వెనక దూరలేదండీ. మీరే వంగారు. బెంచీ కిందకి, పూర్తిగా." ఇప్పుడు ఆవిడ మావైపు తిరిగారు. "వంగడం తప్పని అనను. అంత వేగంగా వస్తే ఎవరైనా వంగుతారు. నేనూ వంగేదాన్నే, చూసుకోలేదు. పాప్‌కార్న్ నా ఒళ్లో ఉంది. బంతి ఇక్కడ తగిలింది." ఆవిడ కుడి భుజానికి, మెడకి మధ్య వేలు పెట్టి చూపించారు.

అమృత నవ్వు ఆగిపోయింది. "ఆంటీ, జులైలో మీ చేతికి మెడలోంచి స్లింగు పట్టీ వేశారు కదా. నేను సాంబారు పట్టుకొచ్చినప్పుడు బేస్‌మెంట్ మెట్ల మీద జారానన్నారు."

"అలా చెప్పమన్నారమ్మా."

"చాముండీ," అన్నారు అంకుల్. "ఎండ కళ్లల్లో పడింది. బంతి ఎటొస్తోందో నాకు కనపడలేదు, లేకపోతే..."

"మబ్బుగా ఉందండీ ఆ రోజు."

నా చేతిలో బజ్జీ ముక్క ఉంది. దాన్ని తినాలో, ప్లేట్లో పెట్టాలో తెలీలేదు.

"నాకు తగిలి, ఈయన కాళ్ల దగ్గర పడింది," ఆంటీ చెప్పుకుపోయారు. కూరగాయల కొట్లో ఏం కొన్నారో చెప్తున్నట్టే చెప్పారు. "ఈయన వంగే ఉన్నారుగా, చేతికందింది. తీసుకుని లేచి నిలబడ్డారు. బంతి పైకెత్తారు. జనానికి కనపడింది అదే. పట్టాడనుకున్నారు. మైకులో ఆ నీలం చొక్కా పెద్దమనిషికి చప్పట్లు కొట్టండి అన్నారు. పేరు చెప్పలేదు, వాళ్లకేం తెలుసు. అందరూ లేచారు. ఈయన అటు తిరిగి బంతి ఊపారు. ఇటు తిరిగి ఊపారు. ఆ బెంచీ మీద మేమిద్దరమే. నేను బెంచీల మధ్య కిందకి జారిపోయాను. ఎవరూ చూళ్లేదు."

"నేను చూళ్లేదు చాముండీ. నిజంగా నీకు తగిలిందని నాకు తెలీదు," అన్నారు అంకుల్. అప్పటిదాకా ఆయన చెప్పిన మాటల్లో అదొక్కటే చిన్న గొంతుతో చెప్పింది.

"తెలీదు. నిజమే. ఆట అయిపోయేదాకా మీకు తెలీదు."

"అప్పటిదాకా అలాగే కూర్చున్నారా?" అమృత లేచి ఆవిడ కుర్చీ దగ్గరికెళ్లింది. "పక్కనే ఉన్నారు కదా ఆంటీ, చెప్పొచ్చు కదా!"

"పక్కన ఎక్కడున్నారమ్మా. వెనక వరసల వాళ్లు వచ్చి చెయ్యి కలుపుతున్నారు. ఒకాయన బీరు కొనిచ్చాడు. ఈయన తాగరు, అయినా పట్టుకుని నిలబడ్డారు. పిల్లలు వచ్చి బంతి ముట్టుకుంటామన్నారు, ఒక్కొక్కళ్లకీ ముట్టుకోనిచ్చారు. ఎలా పట్టారో చేత్తో చూపిస్తున్నారు. ఆ కేకు రోజున నేనూ ఉన్నాను. ఆఫీసుకి నన్నూ పిలిచారు. ఆ పేరు ఈయన కంటే ముందు నేనే చూశాను. ఆ రోజు ఈయన మొహం ఎలా ఉందో నాకు తెలుసు. అక్కడ బంతి పట్టుకుని నిలబడ్డప్పుడు ఎలా ఉందో కూడా చూశాను. పిలవబుద్ధి కాలేదు. రెండు నెలలుగా ఎవరెవరికో ఫోన్లో చెప్తున్నారు, వింటున్నాను. మైళ్లు పెంచుకోండి, రైలెక్కించుకోండి, నాకేం. కానీ నేను అరిచానంటున్నారు. నేను నోరు మెదపలేదండీ."

అంకుల్ చేతిలోని టీ కప్పు రెయిలింగ్ మీద పెట్టేశారు.

నేను మళ్లీ నోరూరుకోక, "ఎముక విరిగిందా ఆంటీ? డాక్టరు చెప్పేదాకా మీకు తెలీలేదా?" అన్నాను. అడిగాక, ఎందుకడిగానా అనిపించింది.

"డాక్టరు ఎక్స్‌రే తీసి రాత్రికి చెప్పాడు. నాకు అక్కడే తెలిసింది," అన్నారు ఆంటీ. "అందరూ ఈయనకి చప్పట్లు కొడుతున్నారు కదా అని నేనూ కొట్టబోయాను. చెయ్యి లేవలేదు."

అమృత ఆంటీ భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఏ భుజమో గుర్తొచ్చి, వెనక్కి తీసుకుంది.

రాజగోపాల్ అంకుల్ లేచారు. జేబులో కారు తాళాలు తడుముకున్నారు. దక్షిణామూర్తి గారితో "వస్తానండీ" అన్నారు. తర్వాత ఆంటీ వైపు చూసి, "పద, వెళ్దాం," అన్నారు.

"మీరు పదండి," అన్నారు ఆంటీ. "నా టీ ఇంకా ఉంది."

ఆయన డెక్ మెట్లు ఒక్కొక్కటే దిగి, ఇంటి పక్కనున్న గేటు తెరిచి వెళ్లారు. కారు స్టార్టయిన చప్పుడు వినపడింది. వెళ్లిన చప్పుడు మాత్రం వినపడలేదు.

ఆంటీ నెమ్మదిగా తాగారు. అడుగున మిగిలిన గుక్కతో సహా తాగి, లోపలికెళ్లి కప్పు కడిగి బోర్లించారు. దక్షిణామూర్తి గారికి నమస్కారం పెట్టారు. "ఈసారి బజ్జీల్లో కాస్త వాము వెయ్యి అమృతా," అన్నారు. అప్పుడు, ఇంజను ఆన్ చేసుకుని ఎదురుచూస్తున్న కారు దగ్గరికి నడిచారు.